పేర్లు లేని బల్లలు

నేను ఒకసారి ఒక ఇంజనీరు చేత చొక్కా విప్పించి, తిరగేసి తొడిగించాను. దాని జేబు మీద వాళ్ల కంపెనీ గుర్తు కుట్టి ఉంది. పాపం, కలకత్తా నుంచి రైలెక్కి వచ్చినవాడు, వేరే చొక్కా తెచ్చుకోలేదు. కుట్లు పైకీ గుర్తు లోపలికీ పెట్టుకుని రెండు రోజులూ అలాగే తిరిగాడు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. నియమం అంటే నియమమే అన్నాను. అప్పట్లో నేను అంత ఘనుణ్ణి.

ఇప్పుడు ఆ చొక్కా గుర్తొస్తే చెవులు వేడెక్కుతాయి. ఆ నియమాలన్నీ రాసింది నేనే, వాటిలో అసలైనదాన్ని తప్పిందీ నేనే. తప్పానని ఎవరికీ తెలియలేదు. ఆ తప్పు ఇంకొక మనిషి నెత్తిన పడింది. నేను నోరు విప్పనందుకు ఆ మనిషి అయిదేళ్లు తన అక్క గడప తొక్కలేకపోయాడు. ఈ నాలుగు కాగితాలూ రాస్తున్నది అందుకే.

జంషెడ్‌పూర్‌లో నేను ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ ఇంజనీర్‌ని. కొలిమిలో వేడి ఎంతుంది, గొట్టంలో గాలి ఎంత పోతోంది, లారీ మీద బరువెంత, ఇవన్నీ కొలిచే మీటర్లు మా విభాగం కింద ఉండేవి. తొంభైలలో కంప్యూటర్లు వచ్చాక మాకో కొత్త తలనొప్పి పట్టుకుంది. మీటరు ఒక కంపెనీది, కంప్యూటరు ఇంకో కంపెనీది. మధ్యన తీగ కలిపినంత మాత్రాన చాలదు, ఇది చెప్పేది దానికి అర్థం కావాలి. అందరూ ఒకే పద్ధతి పాటిస్తున్నామని కాగితాల మీద రాసేవాళ్లు. తీరా బిగించాక ఒకటి తెలుగులో మొత్తుకుంటుంటే రెండోది ఒడియా కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది. అమ్మడానికి వచ్చినవాణ్ణి అడిగితే భేషుగ్గా కలుస్తాయి సార్ అంటాడు. సంబంధం తెచ్చినవాడు పెళ్లికూతురికి కోపమెక్కువని ఎందుకు చెబుతాడు?

ఈ బాధ పడలేక వేరువేరు ఫ్యాక్టరీల ఇంజనీర్లం అయిదారుగురం ఒక చిన్న సంఘం పెట్టుకున్నాం. ఏడాదికోసారి రెండు రోజులపాటు, ఈ సామాన్లు తయారుచేసే కంపెనీలన్నిటినీ ఒక హాల్లోకి పిలిచేవాళ్లం. ఎవరి పెట్టె వాళ్లు తెచ్చుకుని మిగతా అందరి పెట్టెలతోనూ జత కలిపి చూడాలి. ఏది కలిసింది, ఏది కలవలేదు, ఎందుకు కలవలేదు, అంతే. అందరూ దాన్ని మిలాన్ అనేవారు, హిందీలో జత సరిచూసుకోవడమని. గోల్‌మురిలో వేరే ఒక సంఘం వాళ్ల హాలు దానికి దొరికేది.

మొదటి ఏడాది మిలాన్ పెళ్లివిడిదిలా తయారైంది. గోడల నిండా బ్యానర్లు, బల్లల నిండా రంగు కాగితాలు, టై కట్టుకున్నవాళ్లు తాళంచెవి గొలుసులు పంచడం. ఒక్కడూ పెట్టె మూత తీయలేదు. తీస్తే కలవదేమో, కలవకపోతే పక్కవాడు చూస్తాడేమో అని భయం. చిరాకేసి ఆ రాత్రే కూర్చుని నియమాలు రాశాను. బల్లలకి కంపెనీ పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. విజిటింగ్ కార్డులు గుమ్మంలో నా రేకు డబ్బాలో వేసి లోపలికి రావాలి. అమ్మకాలవాళ్లకి ప్రవేశం లేదు, స్క్రూడ్రైవరు పట్టేవాడే రావాలి. ఏ బల్ల ఏ బల్లతో కలిసిందో నల్లబల్ల మీద సుద్దముక్కతో టిక్కో ఇంటూనో పెడతాం, సాయంత్రం తుడిచేస్తాం. అక్కడ చూసినది ఎవరూ గుమ్మం దాటించకూడదు. ఈ చివరిదే అసలైనది. మిగతావన్నీ దానికి కాపలా.

ఆ నియమాలతో మిలాన్‌కి ప్రాణం వచ్చింది. పోటీ కంపెనీల మనుషులు ఒకే బల్ల కింద దూరి ఒకే తీగ పట్టుకుని తిట్టుకుంటూ పనిచేసేవాళ్లు. ఇంటూ పడితే సిగ్గుపడేవాడు లేడు. పైగా ఎక్కువ ఇంటూలు తెచ్చుకున్నవాడికి టీ ముందివ్వాలని ఒక సరదా కూడా మొదలైంది. నన్ను చాటుగా దారోగా, అంటే పోలీసు ఇన్‌స్పెక్టరు, అనేవాళ్లు. ఆ మాట నా చెవిన పడినప్పుడు పైకి విసుక్కున్నాను గానీ లోపల భలే సంతోషించాను.

ఇక బల్ల నంబరు ఏడు సంగతి.

ఆదిత్యపూర్‌లో ఒక రేకుల షెడ్డు. దాని యజమాని మన ఉత్తరాంధ్ర మనిషే. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గోల్‌మురిలో ఖలాసీగా చేశాడు. ఇతను డిప్లమా చదివి, కొన్నాళ్లు ఒకరి దగ్గర పనిచేసి, సొంతంగా ఒక పెట్టె తయారుచేశాడు. పాత మీటర్లు చెప్పేదాన్ని కొత్త కంప్యూటర్లకి తెలిసేలా మార్చి అందించే పెట్టె. దుబాసీ అనుకోండి. షెడ్డులో ఇతనూ, ఇతని భార్య తమ్ముడూ, అంతే. ఆ బావమరిది ముప్ఫై దాటిన మనిషి, దుబ్బు మీసం, మాట తక్కువ. సోల్డరింగ్ అతను చేస్తే చూడ్డానికి ముచ్చటేసేది. బావ పది మాటలు మాట్లాడితే ఇతను ఒకటి, అదీ సగం హిందీలో.

మా ఫ్యాక్టరీ అప్పుడు అలాంటి పెట్టెలే కొనాలని చూస్తోంది. ప్రతి కొలిమి దగ్గరా ఒకటి కావాలి. బరిలో మిగిలినవి రెండు. ఒకటి ఒక పెద్ద కంపెనీది, రెండోది ఈ షెడ్డుది. తేల్చే కమిటీలో నేనూ ఒకణ్ణి. షెడ్డు పెట్టెలో ఆలోచన గట్టిదని నాకు తెలుసు. పరాయి సామానుతో కలిపి చూస్తే గానీ అందులో లోపాలు బయటపడవనీ తెలుసు. అందుకని స్కూటరేసుకుని ఆదిత్యపూర్ వెళ్లి మిలాన్‌కి రమ్మని పిలిచాను. అతను వెనకాడాడు.

"ఇంకా పూర్తవనేదు సార్. నాలుగుసార్లు అడిగితే మూడుసార్లు పలుకుతాది, నాలుగోసారి మూగబోతాది. ఈ గడ్‌బడ్ తోటి నలుగుర్లోకి ఎలగ వత్తాను?"

"అందుకే రమ్మంటున్నాను. అక్కడ జరిగింది హాలు దాటదు. పూచీ నాది," అన్నాను.

అతను బావమరిది వైపు చూశాడు. బావమరిది తల ఊపాడు. "మీరు పూచీ అంటే మరేటి సార్, వత్తాం," అన్నాడు బావ. నేను స్కూటరు మీద సోనారిలో మా ఇంటికి తిరిగొస్తూ దారంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

మిలాన్ మొదటిరోజు పొద్దున్నే గుమ్మం దగ్గర ఆ పెద్ద కంపెనీ అమ్మకాలాయన కనిపించాడు. బెజవాడవాడట, కలకత్తా ఆఫీసులో ఉంటాడు. చక్కటి మాట, చక్కటి చొక్కా. లోపల వాళ్ల ఇంజనీరు, ఒకమ్మాయి, నాలుగో బల్ల దగ్గర అప్పటికే తీగలు విప్పుతోంది. తమరికి ప్రవేశం లేదండీ అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "నియమం మంచిదే సార్. మీలాంటివాళ్లు ఉండబట్టే నడుస్తోంది," అని రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు. ఈ మాట నాకు గోరువెచ్చటి కాఫీలా దిగింది.

పదకొండు గంటలకి ఏడో బల్లనీ నాలుగో బల్లనీ కలిపారు. షెడ్డు పెట్టె రెండు మూడు అంకెలు సరిగ్గా చెప్పింది, తర్వాత లక్షల్లో పడి పేలడం మొదలుపెట్టింది. కొలిమి వేడి సూర్యుడిని మించిపోయినట్టు చూపించింది. నేను వెళ్లి నల్లబల్ల మీద ఏడుకీ నాలుగుకీ ఎదురుగా ఇంటూ పెట్టాను. బావ పకపకా నవ్వాడు. బావమరిది మూత తీసేశాడు. నాలుగో బల్ల అమ్మాయి తన కుర్చీ లాక్కుని వాళ్ల పక్కకి వచ్చి కూర్చుంది. ఆ ముగ్గురినీ అలా చూస్తే నాకు నిజంగా కడుపు నిండింది. అమ్మకానికి పోటీపడే రెండు పెట్టెల మనుషులు, ఒకరి తప్పు ఒకరు వెతికి పెట్టుకోవడం! అది నేను కట్టిన గోడల మధ్యనే కుదిరింది కదా అనుకున్నాను.

కడుపు నిండింది అన్నాను గానీ అసలు కడుపుల సంగతి మరిచిపోయాను. భోజనాలకి పురమాయించినవాడు పన్నెండున్నరకి మనిషిని పంపాడు. వంటవాడు రాలేదు, ఏమీ వండలేదు, క్షమించాలి. హాల్లో నలభై మంది. చుట్టుపక్కల అంతమందికి వేడన్నం పెట్టే చోటు లేదు. నేను గుమ్మంలో నిలబడి కిందా మీదా పడుతుంటే ఒక వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి బెజవాడాయన దిగాడు.

ఆయనకి సంగతి ఎలా తెలిసిందో నేను అడగలేదు. కదమాలో ఒక తెలుగావిడ ఇంట్లో వండించి తెచ్చాడు. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, చారు. గిన్నెల మూతలు తీసేసరికి వాసన హాల్లోకి వెళ్లింది. వెనకనుంచి ఎవరో అప్పుడే చేతులు కడుక్కుంటున్నారు. "ఎక్కడా మా కంపెనీ పేరు లేదు సార్, చూసుకోండి," అన్నాడు. చూశాను. గిన్నెల అడుగులు కూడా చూశాను, దారోగాని కదా. సాల్ ఆకుల విస్తళ్ల మీదా ఏమీ లేదు. నిజంగానే పేరు లేదు.

గిన్నెలు లోపల పెట్టించి ఆయన్ని బయటే ఉండమనాలి. నియమం అదే. కానీ వేళకి అన్నం తెచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి తలుపు వేయడం నాకు చేతకాలేదు. మన ఇళ్లలో పెరిగినవాడెవడికీ చేతకాదు. పైగా ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నాకు బయట ఎక్కడా అలాంటి గోంగూర దొరకలేదు. "రండి, మీరూ మాతో తినండి," అన్నాను. చొక్కా గుర్తుకి ఒప్పుకోనివాణ్ణి, చొక్కా లోపలి మనిషినే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.

ఆయన తినలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని స్వయంగా వడ్డించాడు. అందర్నీ పేరుపేరునా అడిగి, మారు వడ్డించాడు. ఏడో బల్లవాళ్లిద్దరూ నా ఎదుటి వరసలో కూర్చున్నారు. ఆయన వాళ్లకీ కొసరి కొసరి వేశాడు. మీది ఏ బల్ల అండీ అని అడగడం నాకు వినిపించింది. తర్వాత గిన్నె దించి, చేతులు తుడుచుకుంటున్నట్టుగా నల్లబల్ల దాకా నడిచాడు. అక్కడ నిలబడ్డాడు. చూశాడు. ఒక మనిషి గోడమీది కేలెండరు చూసే సేపు కాదు, చదివే సేపు.

నేను చూశాను. నోట్లో ముద్ద ఉంది. లేచి వెళ్లి బల్లకి అడ్డంగా నిలబడొచ్చు. తుడిచేయొచ్చు. అయ్యా, తమరు బయటికి దయచేయండి అనొచ్చు. అన్నం పెట్టిన మనిషిని నలభై మంది ముందు అలా అంటే ఎలా ఉంటుంది, అసలు ఈయన్ని లోపలికి ఎవరు రానిచ్చారని అడిగితే ఏం చెప్పాలి, ఇవన్నీ ఆ ఒక్క ముద్ద నమిలే లోపల తిరిగాయి. నేను ఆకు మీదకి తల దించుకుని అన్నం కలుపుకున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ మధ్యాహ్నమే పెట్టె జబ్బు దొరికింది. పెద్ద అంకెని రెండు ముక్కలుగా పంపుతారు. షెడ్డు పెట్టె మొదటి ముక్క ముందు పంపుతోంది, నాలుగో బల్ల కంప్యూటరు రెండో ముక్క ముందు వస్తుందని చూస్తోంది. కనిపెట్టింది ఆ అమ్మాయే. సాయంత్రం నల్లబల్ల తుడిచేశాం. మర్నాడు పదిన్నరకల్లా ఏడూ నాలుగూ కలిశాయి. గంటసేపు వదిలేసినా ఒక్క అంకె తప్పలేదు. నా చేత్తోనే టిక్కు పెట్టాను. టీ తాగుతూ బావ ఒక కబురు చెప్పి నవ్వించాడు. ముందురోజు ఇంటికెళ్లాక అక్క ఎంత అడిగినా బావమరిది పెట్టె సంగతి ఒక్క ముక్క చెప్పలేదట. రూలున్నాది అక్కా, సెప్పకూడదు అన్నాడట. నాకు ఆ క్షణంలో బెజవాడాయన గుర్తొచ్చి టీ చప్పబడింది.

నెల తిరక్కముందే కమిటీ కూర్చుంది. మా పెద్దసారు కాగితాలు తిరగేస్తూ, ఆదిత్యపూర్ పెట్టె మీ మిలాన్‌లోనే ఫెయిలైందట కదా అని నన్నడిగాడు. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఎవరు చెప్పారో నాకు తెలుసు. చెప్పాల్సింది ఒక్క వాక్యం. మొదటిరోజు కలవలేదు, రెండోరోజు పొల్లుపోకుండా కలిసింది, నేనే టిక్కు పెట్టాను. అది చెబితే, మరి మొదటిరోజు సంగతి బయటికెలా పొక్కింది అనే ప్రశ్న వస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంకా ఎవరూ అడగని ఆ ప్రశ్నకి నేను ముందే వణికాను.

"అక్కడి ఫలితాలు బయట చెప్పకూడదు సార్," అన్నాను.

పెద్దసారు నవ్వి ఏదో రాసుకున్నాడు. ఇంతకంటే ఏం చెప్పాలి అన్నట్టు మిగతావాళ్లు ఒకర్నొకరు చూసుకున్నారు. చిన్నవాణ్ణి కాపాడటానికి రాసిన నియమాన్నే వాడి గొంతు మీద పెట్టాను. కంచే చేను మేసింది. కొనుగోలు పెద్ద కంపెనీకి పోయింది. షెడ్డు పెట్టె ఫెయిలైన పెట్టె అన్న మాట ఊళ్లో మిగతా ఫ్యాక్టరీలకీ పాకింది.

తర్వాతి ఆదివారం బావ మా ఇంటికొచ్చాడు. ఇప్పుడే తెలుసుకుని వచ్చి నిలదీస్తాడు, నిలదీస్తే కాళ్లమీద పడతాను అనుకున్నాను. అతను వరండాలో కూర్చుని మా ఆవిడ ఇచ్చిన టీ తాగాడు. మొహం పీక్కుపోయింది.

"మీటింగులో అడిగినా మీరు నోరిప్పనేదంట సార్. తెల్సింది. ఈ ఊళ్లో మాట మీద నిలబడ్డది మీరొక్కరే."

అతనే చెప్పుకుపోయాడు. బయట పెట్టినవాడెవడో కనిపెట్టేశాడట. బావమరిదేనట. జుగ్సలాయిలో తీగలు కొనడానికెళ్లినప్పుడు బెజవాడాయనతో కలిసి టీ తాగుతుంటే షాపువాడు చూశాడట. అడిగితే ఆయనే పిలిచి ఇప్పించాడు, నేనేమీ చెప్పలేదు అంటున్నాడట. పైగా ఏవేవో వంకర మాటలు మాట్లాడాడట. ఆ మాటలేమిటో అతను చెప్పలేదు. చెయ్యి చేసుకున్నాను, ఇంట్లోంచి పొమ్మన్నాను అన్నాడు.

అప్పుడే సోనారి ఏరోడ్రోములో దిగడానికి చిన్న విమానం ఒకటి మా కప్పు మీదుగా వచ్చింది. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి ఇద్దరం ఆగాం. అర నిమిషం. నాకు దేవుడిచ్చిన అర నిమిషం అది. మోత తగ్గాక నేను అన్న మాట ఇదీ. "పోనివ్వండి, కోపంలో తెగతెంపులు చేసుకోకండి. అతను అలాంటివాడు కాడేమో." ఏమో! అలాంటివాడు కాడని ఆ ఊళ్లో రూఢిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను ఏమో అన్నాను.

బావమరిది సూరత్ వెళ్లి ఏదో కంపెనీలో చేరాడని విన్నాను.

మరుసటి ఏడాది మిలాన్ జరిగింది. రేకు డబ్బా పట్టుకుని గుమ్మంలో నేనే నిలబడ్డాను. కానీ ఎవరూ సగం చేసిన పెట్టె తేలేదు. అందరూ అమ్మకానికి సిద్ధమైన, నిగనిగలాడే సామానే తెచ్చారు. నల్లబల్ల నిండా టిక్కులే. ఒక్క ఇంటూ లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు శభాష్ అన్నారు. నాకు మాత్రం శవం మొహానికి పౌడరు అద్దినట్టనిపించింది. అక్కడ ఓడిపోతే ఊరంతా తెలుస్తుందని అందరికీ తెలిసిపోయింది మరి. ఏడో బల్ల ఖాళీ. ఆ పై ఏడాది బ్యానర్లు వచ్చాయి, ఆపడానికి నాకు నోరు రాలేదు. పని ఒత్తిడి అని చెప్పి తప్పుకున్నాను.

అలా అయిదేళ్లు. ఆదిత్యపూర్ వైపు పనున్నా వేరే దారిన పోయేవాణ్ణి. ఒకరోజు మా ఇంజనీర్ల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పాతరోజుల్లో మిలాన్‌ని మార్కెటింగ్ మకిలి అంటకుండా నడిపినందుకు నాకు సభలో శాలువా కప్పుతారట. దాన్ని నవ్వేసి పక్కన పెట్టేసేవాణ్ణే. కింద ఒక వాక్యం ఉంది. నా పేరు ప్రతిపాదించింది ఆదిత్యపూర్ షెడ్డాయనట. ఆ వాక్యం చదివాక అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే స్కూటరు తీశాను.

షెడ్డులో ఇప్పుడు ఇన్వర్టర్లు బాగుచేస్తున్నాడు. వెనక గదుల్లోనే కాపురం. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. గోంగూర, నల్లబల్ల, మీటింగు, విమానం, అన్నీ. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని ఒక్క ఊపిరిలో చెప్పాను. అతను సోల్డరింగ్ కడ్డీ స్టాండు మీద పెట్టాడు. తిడతాడని చూశాను. అతను ఒక్కటే అడిగాడు.

"ఆయన బోర్డు సూత్తంటే, మీరు సూసారా సార్? సూసి తల దించుకున్నారా?"

తల దించుకున్న సంగతి నేను అతనికి చెప్పలేదు. చూశాను అని మాత్రమే చెప్పాను. మరి అతనికెలా తెలిసిందని అప్పుడు నాకు తట్టలేదు. అవునన్నాను.

అతను లోపలికి చూసి భార్యని పిలిచాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వైపు చూడకుండా నాతో అన్నాడు. "దీనికీ సెప్పండి సార్. నా నోట్లోంచి వత్తే నమ్మదు."

రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆవిడ గోడకి ఆనుకుని విన్నది. ఏడవలేదు. "రాఖీకి ఏడాదేడాదీ దారం కొని ఉంచుతున్నాను బాబూ. పంపితే ఈయనకి కోపమని పంపనేదు," అంది. తర్వాత బల్ల మీది ఫోను దగ్గరకి లాక్కుని, చీటీ చూడకుండానే సూరత్ నంబరు కలిపింది. అవతల మోగుతుండగానే నా చేతికిచ్చింది.

"హలో, కౌన్?" అన్నది ఆ గొంతు. నేను నా పేరు చెప్పాను. నేను మూడోసారి మొదలుపెట్టాను. ఆ రోజు భోజనాలప్పుడు అని అన్నానో లేదో అతను ఆపాడు.

"తెల్సు సార్. నేను మీ ఎదరే కూకున్నాను కదా. ఆయన బోర్డు కాడ నిలబడ్డం మీరు సూడ్డం, తల దించీడం, అన్నీ సూసాను. బావకి అదే సెప్పాను. మీ పేరెత్తానని సెంప మీద కొట్టాడు."

మరి నా దగ్గరికి వచ్చి ఎందుకు అడగలేదయ్యా అన్నాను. అంత మాట అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

"మీరే సెప్తారనుకున్నాను. పెద్దవోరు కదా. ఒక ఏడాది సూసాను సార్, తరవాత సూట్టం మానీసినాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, ఎప్పుడో ఆరిపోయిన పని గురించి చెబుతున్నట్టే చెప్పాడు. "మా అక్క ఉంటే ఓపాలి ఇవ్వండి."

ఫోను ఆవిడకిచ్చి బయటికొచ్చాను. బావ గుమ్మంలో నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నేను పక్కనుంచి దిగుతుంటే జరిగి దారిచ్చాడు గానీ, నా వైపు తిరగలేదు.